యాభై రెండులో ముప్పై ఏడు పోతే

జూన్ 25

శిక్షణ అయిపోయింది. పాడేరు నుంచి జీపులో వెనక సీటు, ఒళ్ళో ఎవరిదో కోడి. నడుము పడిపోయింది. ఈ డైరీ కూడా శిక్షణలో ఇచ్చిందే. "మీ బోధనానుభవాలు రాసుకోండి" అన్నారు. బోధనానుభవాలు నా మొహం. నాకు తోచింది రాసుకుంటాను.

రెండు రోజులూ ఒకటే పాట, డయాగ్నస్టిక్ ప్రశ్న. మామూలు ప్రశ్నయితే పిల్లకి వచ్చిందా రాలేదా అనే చెబుతుందట. ఇది, రాకపోతే ఎందుకు రాలేదో చెబుతుందట. నాలుగు జవాబులుంటాయి. ఒకటి ఒప్పు. మిగతా మూడూ ఊరికే పడేసిన తప్పులు కావు, ఒక్కో తప్పు వెనక ఒక్కో రకం ఆలోచన ఉంటుంది. ఏ పిల్ల ఏ తప్పు ఎంచుకుందో చూస్తే ఆ బుర్రలో ముడి ఎక్కడ పడిందో తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. పక్కావిడ గురక పెడుతుంటే నేను నోట్సు రాసుకున్నాను. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

ప్రతి పిల్లకీ ఒక అట్టకార్డు ఇచ్చారు. మధ్యలో నలుపు తెలుపు గళ్ళు, నాలుగు వైపులా ఎ, బి, సి, డి. ఏ అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే అదే జవాబు. నేను ఫోన్‌ని గదంతా ఒకసారి తిప్పితే చాలు, ఎవరేమన్నారో యాప్ పట్టేస్తుంది. వారానికొక ప్రశ్న. మార్కులు లేవు, భయం లేదు, పోటీ లేదు అన్నారు. అన్నవాళ్ళు ఏసీ గదిలోకి వెళ్ళిపోయారు.

ఎలాగూ ఈ కొర్రగరువులో నాకిదే ఆఖరి ఏడాది. బొబ్బిలికి బదిలీ పెట్టుకున్నాను. అక్కడ ఇల్లుంది, మొగుడున్నాడు, ఫోన్‌కి సిగ్నలుంది.

జూలై 2

మొదటి ప్రశ్న పెట్టాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి పదిహేడుమంది, గది ఒకటే. ఒకటి, రెండు తరగతులు వరండాలో. టీచరుని నేనొక్కదాన్నే.

ప్రశ్న ఇది. ఒక మేకలో మూడో వంతు ఎక్కువా, నాలుగో వంతు ఎక్కువా? ఎ అంటే మూడో వంతు, బి అంటే నాలుగో వంతు, సి అంటే రెండూ సమానం, డి అంటే చెప్పలేం.

"ఎత్తండి" అన్నాను. ఎవరూ ఎత్తలేదు. అందరూ వెనక్కి తిరిగి ఐదో తరగతి కనక వైపు చూశారు. కనక లేచి గది మధ్యలోకి వచ్చి చతికిలబడింది. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. వాళ్ళ భాషలో మొదలుపెట్టారు. ఒకరంటారు, ఇంకొకరు తల అడ్డంగా ఊపుతారు, అందరూ ఆ ఊపిన పిల్ల వైపు తిరిగి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొస్తారు. తిడదామనుకుంటూనే చూస్తూ నిలబడిపోయాను. చివరికి ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి పదిహేడు కార్డులూ ఒక్కసారే ఎత్తారు.

అన్నీ బి. నాలుగు మూడుకంటే పెద్దది కదా!

యాప్ ఎర్రబడింది. "అందరి జవాబూ ఒకటే. కాపీ జరిగినట్టు అనుమానం."

"ఎవరిది వాళ్ళు చెప్పాలర్రా" అని అరిచాను.

కనక నా వైపు జాలిగా చూసింది. "ఒకలొకలు సెప్తే అది మాటెలగవుద్ది టీచరమ్మా? అందరూ సెప్తేనే మాట."

జూలై 9

ఈ వారమంతా మేకని కోశాను, బోర్డు మీద. ముగ్గురికి పంచాను, నలుగురికి పంచాను. వాటా చిన్నదైపోతుంటే అందరికీ కళ్ళు విప్పారాయి. మళ్ళీ అదే ప్రశ్న పెట్టాను. ఈసారి గుండ్రంగా కూర్చోనివ్వలేదు. మూడో తరగతిని తూర్పు గోడకి, నాలుగుని పడమటికి, ఐదుని తలుపు వైపు తిప్పి నిలబెట్టాను. పోలీసు స్టేషన్‌లా ఉంది.

గోడలకి మొహాలు పెట్టుకునే గట్టిగా మాట్లాడుకున్నారు. నేను వద్దంటున్నా వినకుండా, ఎవరైనా ఒప్పుకోకపోతే ఆగుతూ, చెబుతూ, అరగంట. తర్వాత పదిహేడూ ఎ.

ఒప్పు. అందరికీ వచ్చేసింది. ఇంత బాగా నా సర్వీసులో ఏ పాఠమూ ఎక్కలేదు.

యాప్ ఎర్రబడింది.

జూలై 11

మండల విద్యాశాఖాధికారి సర్వేశ్వరరావుగారు ఫోన్ చేశారు. వాటర్ ట్యాంకు పక్క బండ మీద తప్ప ఇక్కడ సిగ్నల్ రాదు. బండ ఎక్కి, గొడుగు పట్టుకుని మాట్లాడాను.

"ఏంటమ్మా హేమలతగారూ, రెండు వారాలూ మీ బడి ఎర్రగా ఉంది?"

"సార్, పిల్లలు చర్చించుకుని చెబుతున్నారు."

"చర్చలకి యాప్‌లో గడి లేదమ్మా. మూడుసార్లు ఎర్రబడితే మీ బడిలో పిల్లలు విడివిడిగా నేర్చుకోవట్లేదని లెక్క. మూడు, నాలుగు, ఐదు తరగతులు గెడ్డ అవతల బడిలో కలిపేస్తారు. రూలు వచ్చేసింది."

గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"మీకు మంచిదే కదమ్మా. మిగులు టీచరు కింద మీకు బొబ్బిలి గ్యారంటీ."

నిజమే. నాకు మంచిదే. దిగేటప్పుడు బండ మీద కాలు జారింది. బండ నాచు పట్టి ఉంది, అంతే.

జూలై 12

గెడ్డ గురించి ఆలోచించకూడదని నిద్ర లేస్తూనే అనుకున్నాను.

పోయినేడు శ్రావణంలో ఆ కొండవాగు పొంగి ఒక ఆవుని తీసుకుపోయింది. మూడో తరగతి రత్నాలు ఆ ఆవులో సగం లేదు. వంతెన వేస్తామని రాయి పాతారు. రాయి కూడా కొట్టుకుపోయింది.

నాకేమిటి. నేను బొబ్బిలిలో ఉంటాను.

జూలై 16

మూడో ప్రశ్న రోజు. రత్నాలుకి జ్వరం, రాలేదు. పదహారుమంది చర్చించుకుని పదహారు సి లు ఎత్తారు. ఇది మూడో ఎరుపు అనుకున్నాను. కానీ యాప్ ఎర్రబడలేదు. "పదిహేడో జవాబు కోసం వేచి ఉంది. అంతవరకు ఈ బడి పరిశీలనలో ఉంది" అని పసుపు రంగులో గుండ్రాలు తిప్పుతూ కూర్చుంది.

జూలై 18

సెలవు పెడదామంటే యాప్ తీసుకోలేదు. బడి పరిశీలనలో ఉంటే టీచరు కదలకూడదట, బియ్యం లెక్క మార్చకూడదట, ఒక పిల్ల పేరు తీయకూడదు, ఒక పిల్ల పేరు కలపకూడదు. రత్నాలు జ్వరం తగ్గేదాకా కొర్రగరువు బడిని బ్రహ్మదేవుడు కూడా ముట్టుకోలేడు. బియ్యం అడిగిన చిట్టెమ్మకీ అదే చెప్పాను.

జూలై 22

రత్నాలు వచ్చింది. మొన్నటి చర్చలో లేదు కాబట్టి తన బుర్రకి తోచింది ఎత్తింది, డి. యాప్ పచ్చబడింది! "అభినందనలు. మీ తరగతిలో వ్యక్తిగత ఆలోచన కనబడుతోంది."

డి తప్పు. ఎవరికి పట్టింది.

అయితే ఒక్కరు వేరుగా చెబితే చాలన్నమాట. పిల్లలతో అన్నాను, "వచ్చే వారం నుంచి అందరూ ఒకటే ఎత్తకూడదు. కొందరు వేరేవి ఎత్తాలి." నా సర్వీసు రికార్డు మీద ఎర్ర మచ్చ ఉండకూడదని చెప్పాను, ఇంకేమీ లేదు.

"తప్పని తెలిసీ ఎత్తాలా టీచరమ్మా?" అని అడిగింది నాలుగో తరగతి వెన్నెల. వంటమనిషి చిట్టెమ్మ మనవరాలు. రెండు జడలు, నోరు మాత్రం నాలుగు జడల పెట్టు.

"ఊరికే ఎత్తడమే" అన్నాను.

"ఎవులెత్తాల?"

"మీరే చూసుకోండి."

ఈ మాట అనకుండా ఉండాల్సింది.

జూలై 30

చూసుకున్నారు. మేకల కాపుకి ఈ ఊళ్ళో వంతులుంటాయి, ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. తప్పులకీ అలాగే వంతులు వేసుకున్నారు. ఈ వారం బి రవిబాబుది, సి వెన్నెలది, డి రత్నాలుది. మిగతావాళ్ళకి ఒప్పు. యాప్ పచ్చగా నవ్వింది.

ఎవరికి ఏమొచ్చో ఏమి రాదో నాకిప్పుడు బొత్తిగా తెలియదు. కానీ పచ్చగా ఉంది.

ఆగస్టు 6

ఊరి పెద్ద భీముడు, రత్నాలు తాత, బడికి వచ్చాడు, వెనక నలుగురు. ఆయన ఎప్పుడూ వరండా మెట్టు మీదే కూర్చుంటాడు, లోపలికి రాడు.

"అమ్మా, మా ఇంటికి రెండు వారాలు వరసగా డి వచ్చినాది. ఇది న్యాయమేనా?"

"పిల్లలు వేసుకున్న వంతులు కదా, నాకేం తెలుసు?"

"అదీగాక డి మరీ పెద్ద తప్పంట. బి అయితే కాస్త దగ్గర తప్పంట. మా పిల్లగుంటలకి ఎప్పుడూ దూరం తప్పే పడతంది."

వెనక నుంచి ఎవరో, "మాకు అసలు తప్పే రానేదు. మేమేటి, ఊరోలం కామా?" అన్నారు.

సంత నుంచి వచ్చాక మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు. తప్పుల్ని ఇళ్ళవారీగా సమంగా పంచారు. చంటిపిల్ల ఉన్న ఇంటికి తప్పు వేయకూడదని ఒప్పుకున్నారు. ఒకాయన తన వంతు బి ఇచ్చి ఒక రోజు మేకల కాపు తీసుకున్నాడు. చిట్టెమ్మ లేచి, "మా గుంటకొచ్చిన తప్పు నేనెత్తుతాను, దానికి సదువుంది" అంది. అది కుదరదని నేను చెప్పాల్సి వచ్చింది. కుదరకపోవడానికి కారణం అడిగారు. పిల్లల తప్పులు పిల్లలే చేయాలన్నాను. ఈ వాక్యం నా నోటి నుంచి వచ్చినందుకు ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

ఆగస్టు 13

పచ్చ.

ఆగస్టు 20

పచ్చ. "వైవిధ్యం అద్భుతం" అని యాప్ ఒక నక్షత్రం ఇచ్చింది.

ఈ రోజు పలకల మీద తీసివేతలు ఇచ్చి చూశాను. నలభై మూడులో పద్దెనిమిది. కొందరు చక్కగా చేశారు. కొందరు ముప్పై అయిదు అన్నారు. వెన్నెల కూడా ముప్పై అయిదే. ఎందుకని అడిగితే, "నా వంతు కాదు టీచరమ్మా, ఇది నిజంగానే" అంది.

నిజం తప్పుకి, వంతు తప్పుకి తేడా నాకే తెలియకపోతే నేనెందుకు? ఆ శిక్షణలో రాసుకున్న నోట్సు తీసి చూశాను. "తప్పు విలువైనది" అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను. ఏడుపొచ్చింది. పప్పులో కారం ఎక్కువైందేమో.

ఆగస్టు 25

సర్వేశ్వరరావుగారు ఫోన్. గొంతులో పండగ. "ఇంత అందమైన తప్పులు ఇంకే బడిలోనూ లేవంటమ్మా! అన్నీ సమంగా! పైనుంచి టీమ్ వస్తోంది చూడ్డానికి."

అన్నీ సమంగా ఉన్నాయంటే ఒకరికైనా అనుమానం రావాలి కదా. రాలేదు.

సెప్టెంబరు 3

ఏదీ వదలకుండా రాసుకోవాలి.

జయశ్రీగారు వచ్చారు, పైనుంచి. మంచి మనిషే. చెప్పులు బురదలో తెగిపోతే చేత్తో పట్టుకునే వచ్చింది. వెనక సర్వేశ్వరరావుగారు గొడుగుతో. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా వరండాలో చేరారు. చిట్టెమ్మ టీ ఇచ్చింది.

"ఇవాళ్టి ప్రశ్న నాది, ముందుగా ఎవరికీ తెలియదు. దీంతోనే మీ బడి సంగతి తేల్చేస్తాం" అంది జయశ్రీగారు, టీ ఊదుకుంటూ.

"ఎలా తేలుస్తారు మేడం?"

"అందరూ ఒకటే చెబితే కాపీ. కలిపేస్తాం."

"వేరు వేరుగా చెబితే?"

"అపోహలు ఎక్కువ, బడి వెనకబడింది. కలిపేస్తాం."

"అందరూ ఒప్పు చెబితే?"

"అంటే ఒకటే చెప్పారు కదా."

ఆవిడ ఎగతాళి చేయడం లేదు. కాగితంలో అలాగే ఉంది, చూపించింది కూడా. సర్వేశ్వరరావుగారు నా వైపు చూసి 'బొబ్బిలి' అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. చిట్టెమ్మ టీ గ్లాసులు ఏరుతూ ఆగిపోయింది. మెట్టు మీద భీముడు చుట్ట తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

ప్రశ్న వచ్చింది. యాభై రెండులో ముప్పై ఏడు పోతే ఎంత? ఎ ఇరవై అయిదు, బి పదిహేను, సి ఎనభై తొమ్మిది, డి పదహారు. మంచి ప్రశ్న, ఒప్పుకోవాలి. పైన రెండులోంచి ఏడు పోదని తిరగేసి ఏడులోంచి రెండు తీసేసేవాళ్ళు ఎ అంటారు. తీసేయకుండా కలిపేసేవాళ్ళు సి. వేళ్ళు మడుస్తూ మొదటిదీ చివరిదీ రెండూ లెక్కపెట్టేసేవాళ్ళు డి. శిక్షణలో నేర్చుకున్నది నాకింకా గుర్తుంది.

పిల్లలు వంతులు వేసుకోవడానికి టైము లేదు. అలవాటు ప్రకారం గుండ్రంగా కూర్చున్నారు. నేనాపలేదు. ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే.

వరండాలో చిట్టెమ్మ కుట్టిన అడ్డాకు విస్తళ్ళు ఉన్నాయి, సంతకి. పదేసి కట్టలు. కనక వెళ్ళి ఐదు కట్టలు, రెండు విడి విస్తళ్ళు పట్టుకొచ్చింది. మధ్యలో పెట్టింది. మూడు కట్టలు పక్కకి జరిపింది. ఇంకా ఏడు తీయాలి, విడివి రెండే ఉన్నాయి.

"కట్ట ఇప్పాల" అంది కనక.

"ఇప్పకూడదు" అంది వెన్నెల.

"ఇప్పకపోతే ఎలగ?"

"మా అవ్వ కట్టినాది. కట్టినోలే ఇప్పాల."

వరండాలో పెద్దలు తలలూపారు. ఈ ఊళ్ళో అది పెద్ద మాట. ఒకరు కట్టిన కట్ట ఇంకొకరు విప్పరు. కట్టినవాళ్ళే లెక్కకి పూచీ. వేరే చెయ్యి పడితే సంతలో ఆ కట్టని ఎవరూ నమ్మరు. కట్ట విప్పినందుకు రెండిళ్ళ మధ్య మాటల్లేని రోజులు నేనే చూశాను.

"మరి ఏడెలగ తీత్తావు?"

"ఏడడిగినారు, రెండే ఉన్నాయి, అయిదు తేడా. ఇక్కడ రెండు కట్టలు. ఇరవై అయిదు. ఎవుల కట్టా ఇప్పక్కర్నేదు."

ఎ ఎంచుకున్న పిల్లకి పదుల స్థానం తెలియదని శిక్షణ కాగితంలో ఉంది. వెన్నెలకి శుభ్రంగా తెలుసు. పది అంటే కట్ట అని తెలుసు. పదిని విప్పి ఒకట్లు చేయొచ్చనీ తెలుసు. మర్యాద కాదని విప్పడం లేదు, అంతే. ఇన్ని వారాలు నేను బోర్డు మీద "పక్కింటి నుంచి పది తెచ్చుకో" అంటూ గీతలు గీశాను. ఈ పిల్ల దృష్టిలో నేను దొంగతనం నేర్పుతున్నాను!

ఒక తప్పు ఎందుకు పుట్టిందో మొదటిసారి నా కళ్ళతో చూశాను. లేచి నాట్యం చేయాలనిపించింది. ఒక్కదాన్ని, ఎవరికి చెప్పను?

"బేగి తేల్చండమ్మా, గెడ్డ పొంగుతోంది" అని సర్వేశ్వరరావుగారు.

కనక లేచి చిట్టెమ్మని అడిగింది, "అవ్వా, కట్ట ఇప్పుతావా?"

చిట్టెమ్మ గ్లాసులు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. జయశ్రీగారిని చూసింది, కాగితాన్ని చూసింది, భీముణ్ణి చూసింది.

"ఆలోసించుకోవాల" అంది.

"ఎంతసేపమ్మా?" అంది జయశ్రీగారు.

భీముడు మెట్టు మీంచి లేచాడు. నేనిక్కడికి వచ్చాక ఆయన గదిలో కాలు పెట్టడం ఇదే మొదలు. "అమ్మా, కట్ట ఇప్పడమంటే ఊరి మాట. చిట్టెమ్మ ఒక్కతే సెప్తే సరిపోదు. మీటింగు పెట్టాల. పసుపు కలుపుకెల్లినోలు రావాల. సంతకెల్లినోలు రావాల. అందరూ ఒప్పుకుంతేనే మాట."

"పిల్లల లెక్కకి ఊరి మీటింగు ఏమిటి?" అని సర్వేశ్వరరావుగారు అరిచారు.

"గుంట అడగతంది కదా బాబూ" అన్నాడు భీముడు, చాలా మర్యాదగా.

వాన మొదలైంది. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. జయశ్రీగారు ఫోన్‌ని గదంతా తిప్పింది. ఒక్క కార్డూ లేవలేదు. "సున్నా జవాబులు. అందరి కోసం వేచి ఉంది. ఈ బడి పరిశీలనలో ఉంది."

పసుపు రంగు గుండ్రాలు.

"అది పూర్తయ్యేదాకా ఏమీ చేయలేం కదా?" అని ఆవిడ తనలో తనే అనుకున్నట్టు అంది. నా వైపు ఒక చూపు చూసింది. ఏమర్థమైందో తెలియదు. తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని జీపెక్కింది. ఎక్కేముందు మాత్రం వెన్నెల దగ్గర వంగి, "మంచి మాట అన్నావే" అంది.

సెప్టెంబరు 10

మీటింగు జరిగింది. పసుపు కలుపుకి వెళ్ళినవాళ్ళు రాలేదు కాబట్టి సంత తర్వాతకి వాయిదా.

సెప్టెంబరు 17

మీటింగు. సంతలో బేరం తెగక ఇద్దరు ఆగిపోయారు. వాయిదా.

సెప్టెంబరు 19

బండ మీద, గొడుగు కింద.

"జవాబొచ్చిందా అమ్మా?"

"ఊరంతా ఆలోచిస్తోంది సార్."

"యాభై రెండులో ముప్పై ఏడు గురించా?"

"అవును సార్."

"మీ బదిలీ ఉత్తర్వు వచ్చిందమ్మా. బొబ్బిలే. కానీ బడి పరిశీలనలో ఉందని యాప్ ఒప్పుకోవట్లేదు."

చాలా బాధపడ్డాను. ఇంటాయనకి ఫోన్ చేసి నా బాధ చెప్పుకున్నాను. "ఏమిటా నవ్వు?" అన్నాడు. నవ్వలేదు, సిగ్నల్ సరిగ్గా లేదు. మధ్యాహ్నం చిట్టెమ్మ చేత రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

సెప్టెంబరు 24

జవాబు రానంతకాలం బడి కదలదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. మీటింగులో భీముడు కట్ట సంగతి ఎత్తుతాడు. చిట్టెమ్మ ఆలోచిస్తానంటుంది. అందరూ తలూపుతారు. అడ్డాకుల ధర గురించి మాట్లాడుకుని లేస్తారు. ఇంత బాగా నడిచే ఆఫీసు నేనెక్కడా చూడలేదు.

తరగతిలో పిల్లలు కార్డులు ముట్టుకోవడం లేదు. పలకల మీద ఎవరిది వాళ్ళే చేస్తున్నారు, చేశాక గుండ్రంగా కూర్చుని ఒప్పుకోని వాళ్ళకి చెప్పుకుంటున్నారు. ఎవరికి ముడి ఎక్కడుందో నాకిప్పుడు ఒక్కొక్కరిదీ తెలుసు. శిక్షణ ఇచ్చినవాళ్ళకి యాప్‌లో ఉత్తరం రాద్దామనుకున్నాను, మీరు చెప్పింది నిజమే, ఆ ఫోన్ ఒక్కటీ పక్కన పడేస్తే, అని. యాప్ పంపనివ్వదు. పరిశీలనలో ఉన్నాం.

వెన్నెల ఒక్కతే దిగులుగా ఉంది.

సెప్టెంబరు 26

ఉదయం నేను తాళం తీసేటప్పటికే వెన్నెల మెట్టు మీద ఉంది. చేతిలో కార్డు.

"టీచరమ్మా, అవ్వ నాకు కట్ట కట్టడం నేర్పినాది. పది నేనే కట్టినాను. నేనే ఇప్పినాను. నా కట్టే కదా?"

"నీదే."

"ఇప్పితే పన్నెండు విడివయ్యాయి. ఏడు తీసినాను. అయిదున్నాయి, ఒక కట్టుంది." ఊపిరి పీల్చుకుంది. "పదిహేను. బి. నాకొచ్చేసింది టీచరమ్మా. ఎత్తమంతారా?"

కార్డు అప్పటికే సగం పైకి లేచింది. ఇది ఒకటి లేస్తే మిగతా పదహారూ వెంటనే లేస్తాయి. నేను ఆ చేయి పట్టుకుని కిందికి దించాను.

పిల్లకి ఒప్పు రావాలనే కదా జీతం తీసుకుంటున్నాను. వచ్చింది. ఎత్తొద్దని నేనే ఆ చేయి దించాను. సిగ్గేసింది. కిటికీలోంచి గెడ్డ చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఇప్పుడు కాదమ్మా."

"మరెప్పుడు?"

"వంతెన వేసినప్పుడు" అన్నాను. అబద్ధమో నిజమో నాకూ తెలియదు.

తలొంచుకుంది. పాపం, ఒక్కతే సాధించింది, ఒక్కతే దాచుకోవాలి. ఏం చేయాలో తోచక సుద్దముక్క తీసి ఆ కుడి అరచేతిలో పెద్ద ఒప్పు మార్కు వేశాను. చూసుకుంది. గుప్పిట మూసేసింది.

రోజంతా తెరవలేదు. పలక మీద ఎడం చేత్తో రాసింది, అక్షరాలన్నీ పడిపోయాయి. ఆటలో బంతి పట్టలేదు. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని ఎడం చేత్తో తింటుంటే చిట్టెమ్మ గరిటె ఎత్తింది. "ఏటే గుంటా, ఎడం సేత్తో తింతావేటి? ఏటున్నాది ఆ సేతిలో? ఇప్పు!"

వెన్నెల గుప్పిట ఇంకా గట్టిగా బిగించి, నా వైపు ఒకసారి చూసి, అవ్వతో అంది:

"నేను కట్టినాది. నేనే ఇప్పుతాను."